పెరటి మడి : వలస వచ్చిన విత్తుల కథ

ఉగాది పండుగనాడు మన ఇండ్లలో షడ్రుచుల పచ్చడి చేసుకొంటాము. వేపపూత, క్రొత్త చింతపండు, క్రొత్త బెల్లము, మామిడి పిందె, ఉప్పు, కారము. వీనిలో ఐదు రుచులు ఈ దేశమున పూర్వమునుండి ఉన్నవే. ఆరవదియైన కారమునకు పచ్చిమిరపకాయను తుంచి వేయువారు కొందరు, మిరియపు పొడి చల్లువారు కొందరు. మిరియము ఈ నేలలో పుట్టినది. మిరపకాయ మాత్రము సముద్రములు దాటి వచ్చినది. ఐనను దానిని పరాయిదని నేడు ఏ ఇల్లాలితోనైనను అని చూడుడు, నవ్వి ఊరకుండును. ఐదువందల ఏండ్లలో అది అంతగా మనదైపోయినది.

ఊరు విడిచి వచ్చి తరములు గడచిన మనవంటి వారికి ఈ చిన్న సంగతి ఆలోచింపదగినది. మన పెరడు ఒక చిన్న చరిత్ర పుస్తకము. అందులో పెరిగెడి ప్రతి పాదు ఎక్కడినుండియో బయలుదేరినదే. ఈ వ్యాసమున ఆ పెరటి మడి కథను, నాకు తెలిసినంతవరకు, చెప్పదలచినాను.

మన వాడుకలో కూరగాయల సాగునకు సంబంధించిన మాటలు ఎన్నో ఉన్నవి. నీరు నిలుచునట్లు గట్టు వేసినది మడి. ఒక తీగకు చుట్టును త్రవ్వి కుదురు చేసినది పాదు. మొలకలను పెంచి తరువాత వేరొక చోట నాటుటకు ఏర్పరచినది నారుమడి. నేలను ఎత్తుగా పోసి వరుసలు తీర్చినది బోదె. ఈ మాటలు ఊరక పుట్టినవి కావు. వాన తక్కువగా పడు రాయలసీమ వంటి చోట్ల మడిని నేలకంటె పల్లముగా చేస్తారు, పడిన చినుకు పోకుండ. వాన ఎక్కువై నీరు నిలుచు డెల్టా భూములలో మిరప, ఉల్లి, వంగ నారును నేలకు జానెడు ఎత్తున పోసిన మళ్ళలో పెంచుతారు, వేరు కుళ్ళకుండ. పసుపును, కందను బోదెలపై నాటుటయు అందుకే. ఎత్తు మడి అనునది నేడు పట్టణములలో క్రొత్త విద్యగా వినబడుచున్నది గాని, మన రైతునకు అది నారుమడి రూపమున ఎప్పుడో తెలిసినదే.

ఇక ఇండ్ల వెనుక దొడ్డి. గిన్నెలు కడిగిన నీరు పారుచోట అరటియు చేమయు. కంచెకు చిక్కుడు. పందిరికి బీర, పొట్ల, కాకర. పొట్లకాయ వంకర పోకుండ కొనకు చిన్న రాయి కట్టుట ఎరుగనివారు ఉండరు. ఆకులకు పేనుబంక పట్టినప్పుడు పొయ్యిలోని బూడిద చల్లెడివారు. విత్తనమునకని విడిచిన బీరకాయను తీగమీదనే ఎండనిచ్చి వాసమునకు వ్రేలాడగట్టెడివారు. గుమ్మడి విత్తులను పేడలో అద్ది గోడకు కొట్టి దాచెడివారు. వీటిని ఎవరును గ్రంథములలో చదివి నేర్వలేదు. అత్త కోడలికి చెప్పినది, కోడలు కూతురికి చెప్పినది.

ఇప్పుడు కొంచెము వెనుకకు పోదము.

శ్రీకృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వరకు విజయనగరమును ఏలినాడు. ఆయన కాలమున, 1520 ప్రాంతమున, దొమింగో పాయెస్ అను పోర్చుగీసువాడు ఆ నగరమునకు వచ్చి, చూచినదంతయు వ్రాసిపెట్టినాడు. రత్నములు, గుఱ్ఱములు, ఏనుగులు మాత్రమే అతనిని ఆకర్షింపలేదు. అంగళ్ళలోని నిమ్మకాయలను, నారింజలను, వంకాయలను, ఇతర కూరగాయలను చూచి ఆ సమృద్ధికి నివ్వెరపోయినట్లు చెప్పినాడు. అంత పెద్ద నగరమునకు నిత్యము కూరగాయలు కావలెనన్న, చుట్టును ఎన్ని తోటలు ఉండవలెనో ఊహింపవచ్చును.

తోటలకు నీరు కావలెను. రాయలు నేటి హోస్పేట దగ్గర ఒక పెద్ద చెరువును కట్టించుచుండగా పాయెస్ స్వయముగా చూచినాడు. పదిహేను ఇరువది వేలమంది చీమలవలె పని చేయుచుండిరని వ్రాసినాడు. మరి పదునైదేండ్ల తరువాత వచ్చిన నూనిజ్ అను మరియొక పోర్చుగీసువాడు ఆ చెరువు ఫలితమును చెప్పినాడు. ఆ నీటితో కాలువలు త్రవ్వి వరి పొలములకును తోటలకును పారించినారట. భూమిని బాగుచేసికొనువారికి తొమ్మిదేండ్లపాటు పన్ను లేకుండ రాయలు ఇచ్చినాడట. ఆ తరువాత ఆ నేలనుండి ప్రభుత్వమునకు 20,000 వరహాల ఆదాయము వచ్చినదని నూనిజ్ లెక్క. ఈ వ్రాతలను రాబర్ట్ సూయల్ అను ఆంగ్లేయుడు 1900లో అనువదించి ప్రకటించుటచేత మనకు తెలిసినవి. తొమ్మిదేండ్లు ఓపిక పట్టిన రాజు గొప్పవాడు. నేల మొదటి సంవత్సరమే ఫలింపదని ఆయనకు తెలియును.

మన పూర్వులలో అనేకులు దక్షిణమునకు తరలినది ఆ విజయనగర కాలమునను, దాని వెనుక మధుర, తంజావూరు నాయకుల కాలమునను. కొందరు సైన్యముతో పోయినారు, కొందరు నాగలితో పోయినారు. తమిళనాట కోవిల్పట్టి ప్రాంతపు నల్లరేగడి నేలలలో స్థిరపడిన తెలుగువారు ఇప్పటికిని ఇంట తెలుగు మాటలాడుదురు. ఆ ప్రాంతమువాడే అయిన ప్రసిద్ధ తమిళ రచయిత కి. రాజనారాయణన్ (1923-2021), 1976లో వెలువడిన తన గోపల్ల గ్రామము అను నవలలో, తెలుగునాడు విడిచి వచ్చినవారు అడవి కొట్టి ఊరు కట్టుకొన్న కథనే చెప్పినాడు. వలసవాడు మొదట చూచునది నేలను. అది తాను ఎరిగిన నేల కాదు. తెచ్చిన విత్తును దానిలో వేసి, వాన చూచి, మడిని ఎత్తవలెనో దించవలెనో నేర్చుకొంటాడు. విత్తు పాతదే, మడి క్రొత్తది.

పాయెస్ విజయనగరమున వంకాయలను చూచి ఆశ్చర్యపడుచున్న ఆ యేండ్లలోనే, భూగోళమునకు ఆవలి ప్రక్కన మెక్సికో దేశమున మరియొక మహానగరము కూలిపోయినది. దాని పేరు తెనొచ్తిత్లాన్. సరస్సు నడుమ కట్టిన నగరమది. 1521 ఆగష్టులో స్పెయిను సేనాని కోర్తెస్ దానిని పట్టుకొన్నాడు. ఆ నగరమునకు తిండి పెట్టినవి ఎత్తు మళ్ళే. లోతు లేని సరస్సులో గుంజలు పాతి, నీటి తుంగను, అడుగు బురదను పొరలు పొరలుగా వేసి, నీటికి పైగా పొడవైన మళ్ళను నిర్మించెడివారు. అంచులు కూలకుండ చెట్లు నాటెడివారు. మడికిని మడికిని నడుమ కాలువ, ఆ కాలువలో పడవ. వీనిని చినాంపాలని పిలుస్తారు. బురదను పరచి చిన్న చిన్న చదరములుగా కోసి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క విత్తు వేసి, మొలిచిన తరువాత ఆ ముద్దతోనే తీసి నాటెడివారు. మన నారుమడికి ఇది దూరపు చుట్టము కాదా! మెక్సికో నగరమునకు దక్షిణమున షోచిమిల్కో అనుచోట అట్టి మళ్ళు ఇప్పటికిని ఉన్నవి. 1987లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ వానిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చినది.

ఆ అమెరికా ఖండపు పంటలే మిరప, టమాటా, సీమచింత, సీమవంకాయ. చిల్లీ, టొమాటో అను మాటలు రెండును ఆ మెక్సికో ప్రజల నాహువాత్లు భాషలోనివే. పోర్చుగీసువారి ఓడలలో మిరప పడమటి తీరమున దిగినది. వారు గోవాను పట్టుకొన్నది 1510లో. దిగిన వెంటనే దానికి పేరు కావలసివచ్చినది. కారముగా ఉన్నది గనుక మన దేశపు పాత కారము పేరే దానికి పెట్టినారు. తమిళమున మిళగు మిరియము, మిళగాయ్ మిరప. కన్నడమున మెణసు మిరియము, మెణసినకాయి మిరప. తెలుగున మిరియము, మిరప అను మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఆ చుట్టరికమే కనిపించును. క్రొత్తగా వచ్చినవానికి ఇంటి పెద్ద పేరు పెట్టి దగ్గరకు తీసినట్లున్నది.

ఇతర కూరల పేర్లు ఇంకను వినోదము. బంగాళాదుంప బంగాళమునుండి వచ్చినదన్నట్లు మనము పిలుస్తాము. దానినే రాయలసీమ వారు ఉర్లగడ్డ అంటారు, తమిళుల ఉరుళైక్కిళంగు ప్రక్కనే ఉన్నది గనుక. టమాటాకు మన పాత పేరు రామములగ. ఫిరంగివారి పేరుమీద వచ్చిన పరంగి అను మాట కన్నడమున బొప్పాయికి చెల్లినది, తమిళమున గుమ్మడికి చెల్లినది. ఒకే పేరు, రెండు కాయలు! సీమ అని ముందు చేర్చినవన్నియు పరదేశపువని గుర్తు. కాని ఎన్ని తరములు గడచినను ఆ సీమ అను ముద్ర పోలేదు. మనలను ఇక్కడ తెలుగువారని పిలిచినట్లే.

సీమవంకాయ కథ బెంగుళూరు వారికి మరీ దగ్గరిది. 1760లో హైదరాలీ మొదలుపెట్టి, టిప్పు సుల్తాను పెంచిన లాల్‌బాగు తోట ఆంగ్లేయుల కాలమున దేశదేశముల మొక్కలకు విడిది అయినది. 1874లో అధికారిగా వచ్చిన జాన్ కామెరాన్ అక్కడ అనేక విదేశపు మొక్కలను తెప్పించి పెంచినాడు. బెంగుళూరునకు సీమవంకాయను పరిచయము చేసిన కీర్తి ఆయనదే. చల్లని ఆ ఎర్ర నేల దానికి బాగుగా సరిపడినది. అక్కడినుండి అది రైలెక్కి తెలుగునాటికి వచ్చినది. ఇక్కడి కన్నడిగులు దానిని సీమె బదనెకాయి అంటారు, అనగా పరదేశపు వంకాయ. తెలుగునాట దానినే బెంగుళూరు వంకాయ అంటారు. మెక్సికో కాయ, బెంగుళూరు పేరుతో బెజవాడ అంగడిలో అమ్ముడుపోవుచున్నది! ఎక్కడ పుట్టినదను ప్రశ్నకంటె, ఎక్కడ కాసినదను ప్రశ్నయే లోకము అడుగుచున్నది.

కామెరాన్ తరువాత 1908 మొదలు 1932 వరకు ఆ తోటను చూచినవాడు జర్మను దేశస్థుడైన క్రుంబీగల్. ఏటేట జరిగెడి ఫలపుష్ప ప్రదర్శనములవలన ఇంటి తోటల మీద పట్టణవాసులకు మోజు హెచ్చినది. ఐనను తోటపని నిజముగా చేతులతో చేసినవారిని మరువరాదు. బెంగుళూరు చుట్టును కూరతోటలు, పూతోటలు పెంచి నగరమును పోషించినవారు తిగళులు. కరగ ఉత్సవము వారిదే.

ఇక రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినది. 1942లో బర్మా జపానువారి వశమైనది. అక్కడినుండి వచ్చెడి బియ్యము ఆగిపోయినది. 1943లో వంగదేశమున మహాక్షామము లక్షలాది ప్రాణములను తీసికొన్నది. ఆ రోజులలోనే ప్రభుత్వము అధికాహారోత్పత్తి ఉద్యమమును ఆరంభించినది. నగరములలో రేషను కార్డులు వచ్చినవి. ఇంటి ముందర పూలమొక్కలు తీసివేసి తోటకూర, వంగ వేయుడని ప్రచారము చేసినారు. ఇంగ్లండులో 1939 నుండియే ఇట్టి ఉద్యమము నడచినది, పచ్చిక మైదానములను సైతము త్రవ్వి దుంపలు నాటినారు. అమెరికాలో 1943 నాటికి ఇంటి తోటలు 2 కోట్ల వరకు ఉండెనని అంచనా.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాతను మన ఉద్యమము సాగినది. దాని మంచిచెడ్డలను విచారించుటకు వి. టి. కృష్ణమాచారి అధ్యక్షతన ఒక సంఘము ఏర్పడి 1952లో నివేదిక ఇచ్చినది. విత్తనము, ఎరువు పంచినంతమాత్రమున పంట పెరగదు, పల్లె జీవితమంతటిని కలిపి చూడవలెను అన్నది దాని సారము. ఆ మరుసటి యేట జాతీయ విస్తరణ సేవ మొదలైనది. 1965లో మరల ఆహారపు ఇబ్బంది వచ్చినప్పుడు ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి వారమునకు ఒక పూట భోజనము మానుడని దేశమును కోరినాడు, తన నివాసమందలి పచ్చికను దున్నించి పంట వేయించినాడు. పెరటి సాగు ప్రభుత్వములకు కరవులోనే గుర్తు వచ్చుట చరిత్రలో మాటిమాటికి కనబడుచున్నది. కరవు తీరగానే మరల పూలమొక్కలు.

యుద్ధముతో సంబంధము లేకుండ ఈ విద్యను తిరిగి నిలబెట్టినవారు కొందరున్నారు. పంతొమ్మిదవ శతాబ్దమున పారిస్ నగరపు తోటమాలులు గుఱ్ఱపు పేడను లోతుగా వేసి, చిన్న మళ్ళలో దగ్గరదగ్గరగా నాటి, ఏడాది పొడుగున నగరమునకు కూరగాయలు అందించెడివారు. గుఱ్ఱపు బండ్లు పోయి మోటారులు రాగా ఆ ఎరువు పోయినది, ఆ తోటలును తగ్గినవి. అలన్ చాడ్విక్ అను ఆంగ్లేయుడు 1967లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంతాక్రూజ్ ఆవరణలో ఆ పద్ధతిని ఎత్తు మళ్ళతో మరల ఆరంభించినాడు. జాన్ జీవన్స్ 1974లో దానిపై పుస్తకము వ్రాయగా అది అనేక దేశములకు ప్రాకినది. అదే 1967లో మన బెంగుళూరు దగ్గర హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఏర్పడినది. అర్క అను పేరుతో ఆ సంస్థ విడుదల చేసిన బెండ, వంగ, టమాటా రకములు నేడు అనేకుల మిద్దెతోటలలో ఉన్నవి.

ఎత్తు మడి మర్మము పెద్దది కాదు. వెడల్పు నాలుగు అడుగులకు మించరాదు. అప్పుడు రెండు ప్రక్కలనుండి చేయి నడిమికి అందును, మడిలో కాలు పెట్టనక్కరలేదు. కాలు పడని మట్టి గుల్లగా ఉండును, వేరు సులువుగా దిగును, గాలి ఆడును, వాన నీరు నిలువదు. ఎత్తు ముప్పాతిక అడుగు చాలును. మట్టిలో మూడవవంతు మాగిన ఎరువు ఉండవలెను. పైన ఎండుటాకులు కప్పిన ఎండకు తేమ పోదు. తోటకూర నెలనాళ్ళలో కోతకు వచ్చును. బెండ నెలన్నరకు కాయును. చిక్కుడు మాత్రము వానకాలమున వేసినను సంక్రాంతి చలికి గాని నిండుగా కాయదు. పగలు తగ్గిననే దానికి పూత.

మిద్దెమీద వేయువారు ఒక లెక్క మరువరాదు. ఒక ఘనపు అడుగు తడిమట్టి ఇంచుమించు 45 కిలోలు తూగును. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, ముప్పాతిక అడుగు ఎత్తు గల మడిలో 24 ఘనపు అడుగుల మట్టి పట్టును. అనగా ఒక టన్ను పైమాటే. ఇల్లు కట్టిన ఇంజనీరును అడుగక మడి కట్టరాదు. కొబ్బరిపొట్టు, ఎండుటాకులు కలిపి బరువు తగ్గించి, దూలములు, గోడలు ఉన్నచోట మాత్రమే పెట్టవలెను. మరియొక మాట. ఎత్తైన మిద్దెలకు తేనెటీగలు తక్కువగా వచ్చును. గుమ్మడికి పూత ఉండి పిందె నిలువనియెడల, ఉదయమున మగపువ్వును కోసి ఆడపువ్వునకు తాకించవలెను.

ఒక మడితో ఇల్లు గడచునని నేను చెప్పను. బియ్యము, పప్పు అంగడినుండే రావలెను. కూరలో సైతము కొంతభాగమే మడి ఇచ్చును. కాని వారమునకు రెండు పూటలు మనము పెంచిన ఆకుకూర తిన్నను పిల్లలకు మేలే. ఆకుకూరలలోని ఏ విటమిను పోషకము కంటిచూపునకు అవసరము. ఆహార పోషణమును గూర్చి ఈ దేశమున పరిశోధన మొదలైనది 1918లో కూనూరున. మెకారిసన్ అను వైద్యుడు ఆరంభించిన ఆ చిన్న శాలయే 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. అదియు వలస వచ్చినదే!

ఇక నేను అసలు చెప్పదలచిన మాట. మన ఇండ్లలో విత్తులు పోవుచున్నవి. అంగడిలో కొన్న సంకరజాతి విత్తనము మొదటి యేట బాగుగా కాయును. దానినుండి తీసిన విత్తు మరుసటి యేట తల్లిని పోలదు. కావున ఏటేట కొనవలసినదే. నాటు బీర, నాటు దోస, ఎర్ర గోగు, తీగబచ్చలి అటులకాదు. ఇంట దాచిన విత్తు ఇంటనే మొలచును. తెలుగునాటినుండి ఎప్పుడో ఒక ముసలమ్మ కొంగున కట్టి తెచ్చిన విత్తు తరమునుండి తరమునకు చేతులు మారి వచ్చినది. దొడ్డి పోయి మేడ కట్టగానే ఆ వరుస తెగినది. ఒక్క సంవత్సరము వేయకున్న తరువాత వేయుటకు విత్తు ఉండదు.

విత్తుతో పేరును పోవుచున్నది. గోంగూరను మన పిల్లలు మైసూరు దేశమున పుండి సొప్పు అని, తమిళనాట పుళిచ్చకీరై అని, మహారాష్ట్రమున అంబాడి అని అంగడిలో అడుగుచున్నారు. అడుగవలసినదే. ఊరివారి భాషలో కూర పేరు చెప్పలేనివానికి కూర దొరకదు. బచ్చలిని కన్నడిగులు బసళె అంటారు, తమిళులు పసలి అంటారు, మూడును ఒక తల్లి బిడ్డలవలె ఉన్నవి. వానిని పిల్లలచే ప్రక్కప్రక్కన పలికించిన, ఇరుగుపొరుగు భాషలమీద గౌరవము, తమ భాషమీద ప్రీతి రెండును కలుగును. కాని బడిలో తెలుగు లేని పిల్లవానికి తెలుగు మాట నేర్పుటకు వంటయిల్లు, పెరడు తప్ప వేరు చోటు మిగులలేదు. పాదు, మడి, నారు, పిందె, పూత, తొడిమ అను మాటలు మొక్క దగ్గర నిలుచుండి చెప్పిననే అంటును. పుస్తకములోనుండి చెప్పిన అంటవు.

కావున ఈ ఉగాదికి నాది చిన్న మనవి. మన సంఘ సభ్యులలో పాత విత్తులు దాచినవారు ఇంకను కొందరుందురు. పండుగనాటి సభకు వచ్చునప్పుడు ఒక్కొక్క పొట్లము తేవలెను. పొట్లముమీద కూర పేరు తెలుగున వ్రాయవలెను, ఏ ఊరి విత్తో తెలిసిన అదియు వ్రాయవలెను. పంచాంగ శ్రవణము ముగిసిన తరువాత వానిని మార్చుకొనవచ్చును. తీసికొన్నవారు పంట వచ్చినప్పుడు రెండు పొట్లములు తిరిగి ఇయ్యవలెను. చోటు లేనివారికి ఒక మట్టి తొట్టి చాలును, ఒక పాత బకెట్టయినను చాలును.

మిరప మెక్సికో భాషలో మాటలాడదు. మన నేలలో మన పేరుతో కాసి, తన కారమును మాత్రము విడువలేదు. ఉన్న ఊరి నేలకు ఒదుగుట, తెచ్చిన రుచిని నిలుపుకొనుట, రెండును ఒక్క మొక్కకు సాధ్యమైనవి. మనకును సాధ్యమగు గాక. క్రొత్త సంవత్సరమున ప్రతి ఇంటను ఒక మడి పచ్చగా ఉండు గాక.